వెంచర్ నిండేసరికి పిల్లలు పెద్దవుతారు

నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి హైదరాబాద్‌కు మారే కుటుంబం ఎక్కడ దిగుతుందో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. సొంతూరికి పోయే బస్సు ఏ రోడ్డున పోతుందో తెలిస్తే చాలు. సూర్యాపేట, నకిరేకల్, చిట్యాల వాళ్ళు విజయవాడ రోడ్డు పట్టుకొని ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్‌లలో కుదురుకున్నారు. ఇప్పుడు పెద్ద అంబర్‌పేట, అబ్దుల్లాపూర్‌మెట్ దాటి చౌటుప్పల్ దాకా పరుచుకుంటున్నారు. దేవరకొండ, కొండమల్లేపల్లి వాళ్ళది సాగర్ రోడ్డు: బీఎన్ రెడ్డి నగర్, తుర్కయాంజాల్, ఇబ్రహీంపట్నం. కల్వకుర్తి, అచ్చంపేట వాళ్ళు శ్రీశైలం రోడ్డున తుక్కుగూడ, కందుకూరు వైపు చూస్తారు. జడ్చర్ల, మహబూబ్‌నగర్, వనపర్తి వాళ్ళు బెంగళూరు రోడ్డున ఆరాంఘర్, శంషాబాద్, కొత్తూరు, షాద్‌నగర్‌లలో ఆగుతారు. ఎందుకు మారుతున్నారని అడిగితే నూటికి తొంభై ఇళ్ళలో వచ్చే జవాబు ఒకటే: పిల్లల చదువు కోసం. తీరా చోటు ఎంచుకునే వేళకు అడిగే ప్రశ్నలు మాత్రం పిల్లలకు సంబంధించినవి కావు. గజం ఎంత, ఔటర్ రింగు రోడ్డుకు ఎంత దూరం, లోన్ వస్తుందా, నాలుగేళ్ళలో రెట్టింపవుతుందా? పిల్లల పేరు చెప్పి బయల్దేరిన ప్రయాణం ప్లాటు దగ్గర ఆగిపోతోంది. పదేళ్ళ లోపు పిల్లలున్న ఇంటికి, ఊరవతల కొత్త వెంచర్‌లో సొంతిల్లు కట్టుకొని దిగడం కన్నా, నిలదొక్కుకున్న పాత కాలనీలో, బడికి నడిచిపోయే దూరంలో అద్దెకు ఉండడం మేలు అన్నది ఈ వ్యాసం వాదన. వెంచర్‌లో ప్లాటు కొనొద్దని కాదు. కొనడం వేరు, కాపురం పెట్టడం వేరు.

భూమికీ బిడ్డకూ కాలం ఒకేలా నడవదు. ప్లాటు పదేళ్ళు ఖాళీగా పడి ఉన్నా దానికి వచ్చే నష్టం లేదు, చాలాసార్లు లాభమే. మూడేళ్ళ పిల్లకు అదే పదేళ్ళు మొత్తం బాల్యం. వెంచర్ల బ్రోచర్లు తిరగేస్తే క్రియలన్నీ భవిష్యత్ కాలంలోనే కనిపిస్తాయి: రీజనల్ రింగు రోడ్డు వస్తుంది, ఫ్యూచర్ సిటీ వస్తుంది, మెట్రో వస్తుంది, అంతర్జాతీయ పాఠశాల వస్తుంది. రావొచ్చు. అయితే మెట్రో ఎల్బీనగర్ చేరింది 2018 సెప్టెంబరులో. అక్కడి నుంచి హయత్‌నగర్ దాకా ఏడు కిలోమీటర్ల పొడిగింపు ఇంకా ప్రతిపాదనల దశలోనే నలుగుతోంది. ఆ ఏడాది పుట్టిన పిల్ల ఈపాటికి పలక వదిలి రఫ్ నోటు పట్టింది. ఏళ్ళ లెక్క ఎంత ముఖ్యమో చెప్పే గట్టి ఆధారం అమెరికాలో ఉంది. అక్కడ 1994 నుంచి అయిదు నగరాల్లో, పేదల కోసం కట్టిన ప్రభుత్వ ఇళ్ళలో ఉండే కుటుంబాలను లాటరీ తీసి, మెరుగైన పేటలకు మారేందుకు అద్దె సాయం ఇచ్చారు. రాజ్ చెట్టి, నథానియల్ హెండ్రెన్, లారెన్స్ కాట్జ్ ఆ పిల్లల సంపాదనను ఏళ్ళ తర్వాత లెక్కగట్టి 2016లో ప్రచురించారు. పదమూడేళ్ళ లోపు మారిన పిల్లలు ఇరవైల నడిమికి వచ్చేసరికి, మారని వారి కన్నా 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. పదమూడు దాటాక మారిన వారికి లాభం కనిపించలేదు సరికదా, కొంత నష్టమే కనిపించింది. అమెరికా పేదవాడల లెక్క అబ్దుల్లాపూర్‌మెట్‌కు అచ్చంగా అతకదు, నిజమే. అందులోంచి తీసుకోవలసింది శాతాన్ని కాదు. పరిసరాల మేలు బిడ్డకు ఒక్కసారిగా అందదు. అక్కడ గడిపిన ఒక్కో ఏడాదితో కొంచెం కొంచెంగా అందుతుంది. కాబట్టి "ఇంకో పదేళ్ళలో మంచి ఏరియా" అన్న మాట భూమి కొనేవాడికి శుభవార్తే గానీ, ఆ పదేళ్ళూ అక్కడ పెరిగే పిల్లకు కాదు.

నీళ్ళ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే ఈ రెండు జిల్లాల చరిత్రలో నీళ్ళను మించిన ప్రశ్న లేదు. హైదరాబాద్ తాగే కృష్ణా జలాలు నల్లగొండ మీదుగానే వస్తాయి. నాగార్జునసాగర్ వెనుక నీళ్ళను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి జలాశయంలో నింపి, పీఏపల్లి మండలం కోదండాపురంలో శుద్ధి చేసి, వంద కిలోమీటర్లకు పైబడి పైపుల్లో నడిపించి సాహెబ్‌నగర్‌కు చేరుస్తారు. 2004లో మొదటి దశ, 2015లో మూడోది. మూడు దశలూ కలిపి ఏడాదికి పదహారున్నర టీఎంసీలు. ఆ పైపులు నగరానికి నీళ్ళు మోస్తున్న ఏళ్ళలోనే మర్రిగూడ, మునుగోడు, నారాయణపురం మండలాల జనం బోరునీళ్ళలోని ఫ్లోరైడ్‌తో పళ్ళు గారపట్టి, ఎముకలు వంగి బతికారు. సాహెబ్‌నగర్ పక్కనే వనస్థలిపురం. నల్లగొండ వాళ్ళు అంతమంది ఆ చుట్టుపక్కల ఇళ్ళు చూసుకున్నారంటే, తమ ఊళ్ళ పక్క నుంచి పోయిన నీళ్ళ వెంట తామూ నడిచి వచ్చారని అనుకోవచ్చు. ఆ తర్వాత పరిస్థితి మారింది. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథ పల్లె ట్యాంకులకు నదినీళ్ళు తెచ్చింది. తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు లేవని 2020లో కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. అంటే పల్లె బాగుపడింది. మరి వెంచర్? భగీరథ పైపు ఊరి ట్యాంకు దాకా వస్తుంది; ఊరి పొలిమేరలో, నిన్నటి పత్తిచేలో వేసిన లేఅవుట్ దాకా వచ్చిందో లేదో ఎక్కడికక్కడ కనుక్కోవలసిందే. రాని చోట బోరే దిక్కు. తాగడానికి క్యాన్లు తెప్పించుకుంటారు, సరే. అన్నం, పప్పు, చాయ్ బోరునీళ్ళతోనే కాగుతాయి. లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండొచ్చని, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర వరకు ఓర్చుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ గీత గీసింది. శాశ్వత దంతాల ఎనామెల్ తయారయ్యేది దాదాపు ఎనిమిదేళ్ళు నిండేలోపే, ఆ వయసులో పడిన మచ్చ మళ్ళీ పోదు. నలభై ఏళ్ళ తండ్రి రెండేళ్ళు బోరునీళ్ళు తాగినా తట్టుకుంటాడు. నాలుగేళ్ళ కొడుకు తాగిన ఆ రెండేళ్ళు వాడి నవ్వులో జీవితాంతం కనిపిస్తాయి. మర్రిగూడ వదిలి వచ్చిన కుటుంబం చౌటుప్పల్ అవతల వెంచర్‌లో నాలుగు వందల అడుగుల బోరు వేసుకొని అదే నేల నీళ్ళు తాగితే, ఆ ప్రయాణం చుట్టు తిరిగి మొదటికే వచ్చినట్టు. గజం ధర గురించి పదిమందిని అడిగేవాళ్ళు, సీసాడు బోరునీళ్ళు పట్టుకుపోయి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోవడం అరుదు. నగరపాలక సంస్థ పరిధిలో, మీటరు పెట్టుకున్న ఇంటికి 2020 డిసెంబరు నుంచి నెలకు ఇరవై వేల లీటర్లు ఉచితం. అద్దె ఎక్కువని వెనుకాడేవాళ్ళు వెంచర్ ట్యాంకర్ ఖర్చునూ, క్యాన్ల ఖర్చునూ ఆ పక్కన వేసి చూడాలి.

బడి సంగతికి వస్తే, "స్కూలు బస్సు గేటు దాకా వస్తుంది" అన్న మాటతో చర్చ ముగిసిపోతుంది. బస్సు వస్తుంది. ఎంతసేపటికి చేరుస్తుంది? విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి అయిదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలంది. వెంచర్ నుంచి బడికి ముప్పావుగంట ప్రయాణం అనుకుందాం. బస్సు నాలుగు కాలనీలు తిరిగి పిల్లల్ని ఎక్కించుకుంటే అదేమీ ఎక్కువ అంచనా కాదు. రానూపోనూ గంటన్నర. రెండు వందల రోజులకు మూడు వందల గంటలు. అంటే ఎనిమిది వందల గంటల చదువుకు మూడు వందల గంటల కుదుపులు. ఆరేళ్ళ పిల్ల పొద్దున్నే ఏడుకల్లా గేటు దగ్గర ఉండాలంటే ఆరు లోపే లేపాలి. లేచీ లేవగానే అన్నం సయించదు. డబ్బా సగం మిగులుతుంది. సాయంత్రం ఇల్లు చేరి షూలు విప్పకుండానే నిద్రపోతుంది. ఆ మూడు వందల గంటలు ఎవరి ఖాతాలోంచి పోయాయి? ఆటలోంచి, నిద్రలోంచి, అమ్మమ్మతో ముచ్చట్లలోంచి. చట్టం ప్రాథమిక బడి కిలోమీటరు దూరంలో, ప్రాథమికోన్నత బడి మూడు కిలోమీటర్లలో ఉండాలని నియమం పెట్టింది చిన్న కాళ్ళను లెక్కలోకి తీసుకొనే. ఇంగ్లండ్‌లో మేయర్ హిల్‌మన్ బృందం 1990లో తేల్చిన సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. 1971లో ఏడెనిమిదేళ్ళ పిల్లల్లో నూటికి ఎనభై మంది పెద్దల తోడు లేకుండా బడికి వెళ్ళేవాళ్ళు. 1990 నాటికి ఆ సంఖ్య తొమ్మిదికి పడిపోయింది. కార్లు పెరిగి, భయపడిన తల్లిదండ్రులు పిల్లల్ని కార్లలోనే దింపడం మొదలుపెట్టాక రోడ్లు ఇంకా ప్రమాదకరమయ్యాయి. మన శివార్లలో ఆ మార్పు ఇంకా వేగంగా జరుగుతోంది, ఎందుకంటే వెంచర్ పుట్టుకే జాతీయ రహదారి పక్కన. బడి రోడ్డుకు అవతలి వైపున ఉంటే, విజయవాడ హైవే దాటించి పిల్లను ఒంటరిగా పంపే ధైర్యం ఎవరికుంటుంది?

పాత కాలనీల్లో ఉండేవాళ్ళు మాత్రం పిల్లల్ని నడిపిస్తున్నారా, పేరున్న కార్పొరేట్ బడి కోసం పది కిలోమీటర్లు పంపడం లేదా అనవచ్చు. పంపుతున్నారు, అది వాళ్ళ తప్పు. నిలదొక్కుకున్న పేటలో ఇల్లు తీసుకొని దూరపు బడిలో వేస్తే, ఇచ్చిన అద్దెలో సగం వృథా. బడిని ముందు చూసుకొని, దాని చుట్టూ కిలోమీటరు లోపు ఇల్లు వెతుక్కోవడమే సరైన వరస. మన వాళ్ళు ఇంటిని ముందు ఖాయం చేసి, బడిని తర్వాత అతికిస్తున్నారు.

ఇక ఆటస్థలం. ఊరవతల అయితే పిల్లలకు గాలీ వెలుతురూ, పరిగెత్తే చోటూ ఉంటాయన్నది వెంచర్ తరఫున వినిపించే వాదనల్లో అందరికీ నచ్చేది. దాని నిజానిజాలు లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్ఆర్ఎస్) కాగితాల్లో దొరుకుతాయి. లేఅవుట్ వేసేవాడు పది శాతం భూమిని ఖాళీగా వదిలి, స్థానిక సంస్థకు రాసివ్వాలి. పార్కుకూ, ఆటకూ ఉద్దేశించిన నేల అది. ఆ పని చేయకుండా ప్లాట్లు కోసి అమ్మిన లేఅవుట్లను క్రమబద్ధం చేయడానికి 2020 ఆగస్టు చివర్లో ప్రభుత్వం పథకం తెచ్చింది. ఖాళీ స్థలం వదలని చోట, రిజిస్ట్రేషన్ నాటి ప్లాటు విలువలో 14 శాతం కడితే ఆ లోటు మాఫీ. రాష్ట్రం మొత్తం మీద పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ పాతిక లక్షల సంఖ్యను అందరూ ఖజానా వైపు నుంచే చూశారు. పిల్లల వైపు నుంచి చూస్తే, లేఅవుట్ తర్వాత లేఅవుట్‌లో ఆటస్థలం ఉండాల్సిన చోట ఇల్లు లేచిందనీ, దాని బదులు రసీదు మిగిలిందనీ అర్థం. రసీదు మీద కబడ్డీ ఆడలేరు. అనుమతి ఉన్న లేఅవుట్లలో పార్కు కాగితం మీద ఉంటుంది, నేల మీద సర్కారు తుమ్మ ఉంటుంది. ఇళ్ళు నిండే దాకా దాన్ని కొట్టించేవాడు ఉండడు. చుట్టూ ఖాళీ ప్లాట్లుంటే పిల్లలు ఆడుకుంటారనుకోవడం కూడా పొరపాటే. ఆటకు నేల ఒక్కటే చాలదు, ఈడు పిల్లలు కావాలి. నూటయాభై ప్లాట్లలో పదిహేను ఇళ్ళు లేచిన చోట, ఏడేళ్ళ పిల్లాడికి ఏడేళ్ళ జత దొరకడం అదృష్టం. గచ్చిబౌలి ఆఫీసు నుంచి తల్లో తండ్రో రాత్రి తొమ్మిదికి చేరే దాకా వాడి తోడు ఫోనే. గాలి మాటా చెప్పుకోవాలి: చౌటుప్పల్, బీబీనగర్ చుట్టూ మందుల కర్మాగారాలున్నాయి, కొత్తూరు పక్కనే పారిశ్రామికవాడ ఉంది, జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్ ఉంది. అక్కడ రాత్రి ఎనిమిదింటి గాలి పగలు పదకొండింటి గాలిలా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, సైట్ చూపించే కారు మాత్రం ఎప్పుడూ పగలే వస్తుంది.

పాత కాలనీలు స్వర్గమని చెప్పబోవడం లేదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానకు ఘట్‌కేసర్ దగ్గర ఒక్కరోజులో 32 సెంటీమీటర్లు కురిసింది. సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు, ఎల్బీనగర్, హయత్‌నగర్ చుట్టూ పల్లపు వీధులు రోజుల తరబడి మునిగాయి. చెరువు శిఖం మీద కట్టిన కాలనీ ఎంత పాతదైనా చెరువు దాన్ని మరిచిపోదు. అయినా ఇక్కడ పాత కాలనీకి కొత్త వెంచర్ మీద ఒక ఆధిక్యం ఉంది: దానికి రికార్డు ఉంది. ఆ రోజు నీళ్ళు ఏ మెట్టు దాకా వచ్చాయో కిరాణా కొట్టతను వేలు పెట్టి చూపిస్తాడు. 2022లో వేసిన లేఅవుట్‌కు ఆ పరీక్ష ఇంకా జరగలేదు. కుంట అలుగు ఎటు పారేదో చెప్పగల రైతు భూమి అమ్ముకొని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది సొంతిల్లు. తెలుగువాళ్ళకు ఇల్లంటే కేవలం కప్పు కాదు, ఊళ్ళో పరువు, ముసలితనపు ధీమా. దాన్ని లెక్కలతో కొట్టిపారేయడం కుదరదు. అయితే లెక్క కూడా ఒకసారి వేయాలి. ముప్పై లక్షల అప్పు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళు అనుకుంటే నెలకు సుమారు ఇరవై ఆరు వేలు. ఇరవై ఏళ్ళలో కట్టేది అరవై రెండు లక్షలకు పైనే. దాని కోసం తల్లి ఉద్యోగం మానలేదు, తండ్రి ఓవర్‌టైమ్ మానలేడు, పిల్లలు పెరిగే ఏళ్ళన్నీ వాయిదాల నీడలోనే గడుస్తాయి. ఉన్న డబ్బుతో ప్లాటు మాత్రం కొని, కట్టడం వాయిదా వేస్తే? భూమి విలువ పెరగడానికి పిల్లలు అక్కడ కాపలా ఉండనక్కర్లేదు. పదో తరగతి దాటాక కట్టుకోవచ్చు. అప్పటికి వెంచర్‌కూ నీళ్ళు, బస్సు, వీధిదీపం వచ్చి ఉంటాయి. దూరంగా ఉన్నా పెద్దిల్లు కాబట్టి సర్దుకుపోతుందనే నమ్మకం మీద కూడా ఒక పరిశోధన ఉంది. స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు అలోయిస్ స్టట్జర్, బ్రూనో ఫ్రే జర్మనీ కుటుంబాల సర్వేల నుంచి తేల్చింది ఇది: రోజూ ఎక్కువ దూరం తిరిగేవాళ్ళకు, ఆ కష్టానికి బదులుగా మంచి ఇల్లో మంచి జీతమో దక్కినా, జీవితంలో తృప్తి తక్కువే ఉంటుంది. ప్రయాణం ఎంత తినేస్తుందో ముందుగా ఎవరూ సరిగ్గా అంచనా వేయలేరు.

రెండో అభ్యంతరం బరువైనది. అద్దెకు ఉండమని చెప్పడం తేలిక, అద్దెకు ఇల్లు ఇచ్చేదెవరు? టూలెట్ బోర్డు కింద "శాకాహారులకు మాత్రమే" అని రాసి ఉండడం, ఫోన్ చేస్తే రెండో ప్రశ్నగా "మీరేమిటోళ్ళు?" అని అడగడం ఈ కాలనీల్లో అందరికీ తెలిసిందే. దళిత కుటుంబం, ముస్లిం కుటుంబం అద్దె ఇంటి వేటలో పడే అవమానాన్ని, ఓనరు ఎప్పుడు ఖాళీ చేయమంటాడోనన్న భయాన్ని ఏ వ్యాసమూ తక్కువ చేసి చూపకూడదు. వాళ్ళకు వెంచర్‌లో రెండు వందల గజాలు పెట్టుబడి మాత్రమే కాదు, ఎవరినీ బతిమాలనక్కర్లేని గుమ్మం. ఈ వాదన వాళ్ళ విషయంలో బలహీనపడుతుందని ఒప్పుకోవాలి. ఏడాదికోసారి ఇల్లు మారితే బడి దగ్గరుందన్న లాభం కూడా ఆవిరవుతుంది. ఇక్కడ లోపం ఎంచుకునే కుటుంబంలో లేదు, అద్దె మార్కెట్‌లో ఉంది.

మూడోది తాతలూ అమ్మమ్మలూ. ఊరి రోడ్డు మీదే ఇల్లు చూసుకోవడం వెనుక అమాయకత్వం లేదు, తెలివే ఉంది. నకిరేకల్ దగ్గరి ఊళ్ళో బస్సెక్కిన నాయనమ్మ మధ్యాహ్నానికల్లా ఎల్బీనగర్‌లో దిగి, జ్వరం వచ్చిన మనవరాలి దగ్గర కూర్చోగలదంటే, అంతకు మించిన శిశు సంరక్షణ కేంద్రం ఏ గేటెడ్ కమ్యూనిటీలోనూ లేదు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో ఆడవాళ్ళకు టికెట్ లేకపోవడంతో ఆ దారి ఇంకా సులువైంది. ఇది వెంచర్ పక్షపు వాదనలా కనిపిస్తుంది గానీ, నిజానికి బస్‌స్టాపు పక్షపు వాదన. హైవే దిగి రెండున్నర కిలోమీటర్లు మట్టి రోడ్డున ఆటో మాట్లాడుకొని పోవలసిన ఇంటికి నాయనమ్మ ఒంటరిగా రాలేదు. సొంత కారున్న కొడుకు వెళ్ళి తేవాలి. పోనూరానూ చౌటుప్పల్ అవతలైతే పంతంగి టోలు, షాద్‌నగర్ అవతలైతే రాయికల్ టోలు.

హైదరాబాద్‌కే ఎందుకు రావాలన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. ఇరవై ఏళ్ళ కిందట దానికి జవాబు తేలిక. ఇప్పుడు అంత తేలిక కాదు. మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండ, సూర్యాపేటలకు 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటి వెంట పిల్లల వైద్యులూ వచ్చారు. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల రైలు మార్గానికి రెండో లైనూ, విద్యుదీకరణా పూర్తయి 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితమయ్యాయి. ఇద్దరిలో ఒకరికి నగరంలో ఉద్యోగం, ఇంకొకరికి జిల్లాలో ఉద్యోగం ఉన్న ఇంటికి, షాద్‌నగర్ స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో పాత టౌన్‌లో ఇల్లు, రహదారి మీది వెంచర్ కన్నా పది రెట్లు నయం. నల్లగొండ వైపు ఆ సౌకర్యం లేదు. బీబీనగర్–నడికుడి లైను మీద శివారు రైలు తిరగడం లేదు. అందుకే అటు వాళ్ళు రోడ్డునే నమ్ముకున్నారు. పిల్లల చదువు కోసం ఊరు మారక తప్పదన్న సూత్రాన్ని ఈ జిల్లాలే ఒకప్పుడు తలకిందులు చేశాయని కూడా గుర్తు చేసుకోవాలి. 1971లో పీవీ నరసింహారావు చొరవతో మొదలైన తొలి గురుకులం ఉన్నది ఉమ్మడి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో. కుటుంబం కదలకుండానే పిల్లకు చదువు అందించే మార్గం అది. అయిదేళ్ళ పిల్లకు అది జవాబు కాదనుకోండి.

చివరకు ఈ సమస్య కుటుంబం ఎంపిక దగ్గరే ఆగేది కాదు. వెంచర్‌కు సౌకర్యాలు ఆలస్యంగా రావడానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు, లెక్కింపు పద్ధతి కూడా. నాలుగు వందల నుంచి ఎనిమిది వందల జనాభాకు ఒక అంగన్‌వాడీ అన్నది నియమం. జనాభా లెక్కలు చివరిసారి తీసింది 2011లో. మళ్ళీ లెక్క 2027లో. 2011లో కందిచేనుగా ఉన్న చోట ఈరోజు మూడు వందల ఇళ్ళున్నా, జనగణన పుస్తకం ప్రకారం అక్కడున్నది కందిచేనే. 2025 చివర్లో ఔటర్ లోపలా, అంచునా ఉన్న 27 పురపాలికలను జీహెచ్ఎంసీలో కలిపారు; పాలన పేరు మారినంత తొందరగా నల్లా రాదు. ప్రభుత్వం చేయగలిగిన పని ఒకటుంది, దానికి కొత్త నిధులు కూడా అక్కర్లేదు. ఖాళీ స్థలం బదులుగా వసూలు చేసిన ఆ 14 శాతాన్ని ఉమ్మడి ఖజానాలో కలిపేయకుండా, ఏ లేఅవుట్ నుంచి వచ్చిందో ఆ చుట్టుపక్కలే రెండెకరాలు కొని ఆటస్థలం చేయాలి. అంగన్‌వాడీని జనగణన కోసం ఆపకుండా, కరెంటు మీటర్ల లెక్క చూసి మంజూరు చేయాలి. ఎవరి కోసం అంటే, ముందుగా కొనుగోలుదారుల పిల్లల కోసం కాదు. వెంచర్‌లో మొట్టమొదట కాపురముండే పిల్లలు కొన్నవాళ్ళ పిల్లలు కారు, కట్టేవాళ్ళ పిల్లలు. పాలమూరు నుంచి మేస్త్రీ వెంట వచ్చి, సిమెంటు బస్తాల పక్కన రేకుల షెడ్డులో ఉంటూ, ఒక స్లాబు పూర్తి కాగానే ఇంకో వెంచర్‌కు మారే ఇంటి పిల్లలు. వాళ్ళకు ప్లాటు ఎంచుకునే ప్రశ్నే లేదు, ఏ శివారుకు పోవాలో గుత్తేదారు చెబుతాడు. ఆ రేకుల షెడ్డు పక్కన ఈ ఏడాది ఒక అంగన్‌వాడీ తెరిస్తే, గృహప్రవేశాలు మొదలయ్యే నాటికి అక్కడ ఒక టీచరూ, ఒక కుళాయీ, తుమ్మ కొట్టేసిన కాస్త జాగా అప్పటికే ఉంటాయి.